రిపోర్టులో రాయని నెలలు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మాది భీమవరం దగ్గర పల్లె. నర్సింగ్ చదివి, ఒక మిషన్ తరఫున రెండేళ్ల సేవకు ఆఫ్రికాలోని మలావీ వచ్చాను. తొమ్మిది నెలలైంది. ఇక్కడి చిచేవా భాష ఇంకా రాదు. ప్రార్థనకు కూర్చుంటే మాట పెగలదు, రాత్రి నిద్ర పట్టదు. సంఘం వాళ్లు కానుకలు పోగేసి పంపించారు కాబట్టి నెలనెలా అంతా బాగుందనే సాక్ష్యం రాస్తున్నాను. మోసం చేస్తున్నట్టుంది. అమ్మేమో ‘సంబంధం చూశాం, వచ్చెయ్’ అంటోంది. నా విశ్వాసం తగ్గిపోయిందా?

జవాబు: ముందు నిద్ర సంగతి చూద్దామమ్మా. మలేరియా రాకుండా ఏ మాత్ర వేసుకుంటున్నారో మీరు రాయలేదు. వారానికోసారి వేసుకునే మెఫ్లోక్విన్ అయితే, అది కొందరికి పీడకలలు, నిద్రలేమి, దిగులు తెస్తుంది. నర్సుగా మీకు తెలిసే ఉంటుంది, కానీ సొంత ఒంటి దగ్గరికొచ్చేసరికి మర్చిపోతాం. ఈ వారమే డాక్టర్ని కలిసి వేరే మాత్రకు మారాలేమో అడగండి. అసలు మాత్రే లేకుండా మాత్రం ఉండకండి. బతకాలనిపించని ఆలోచన వస్తే వారం కూడా ఆగొద్దు, ఆ రోజే చెప్పండి. బైబిల్లో ఏలీయా ప్రవక్త చావు కోరుకుని బదరీ వృక్షం కింద పడుకున్నప్పుడు దేవదూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, తిని మళ్లీ పడుకోనిచ్చాడు.

ఇక ప్రార్థన. ఊళ్లో మీరు ఒక్కరే ప్రార్థించింది ఎన్నిసార్లు? ఆదివారం మందిరం, ఉపవాస కూటం, స్త్రీల కూడిక, డోలక్, తాళాలు. మీ గొంతు తగ్గితే పక్కనున్న ఆంటీ ఎత్తుకునేది. ఇప్పుడు ఆ దన్ను లేక మీ గొంతు మీకే కొత్తగా, చిన్నగా వినిపిస్తోంది. నేనైతే దాన్ని విశ్వాసం తగ్గడం అనను. రోజుకో తెలుగు కీర్తన పైకి పాడండి. ప్రస్తుతానికి అది చాలు.

1903లో నెల్లూరు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు మిషనరీగా వెళ్లిన జాన్ రంగయ్య గారికి అక్కడ తెలుగు కూలీలే సంఘమయ్యారు. మీకా వీలు లేదు. మీది అజరయ్య గారి దారి. తమిళుడైన ఆయన దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు, 1912లో అక్కడే బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో విదేశీ మిషనరీల త్యాగాలన్నీ ఒప్పుకుంటూనే, మాకు స్నేహితులు కావాలి అని మొహమాటం లేకుండా అడిగేశారు. ఇప్పుడు బయటి నుంచి వచ్చిన మనిషి మీరు. తొమ్మిది నెలల్లో ఎవరింట్లో కూర్చుని న్సిమా తిన్నారు? మొక్కజొన్న పిండి ముద్ద అది, మన సంకటికి చుట్టమే, చేత్తోనే తింటారు. వార్డులో ఆయాని వండటం నేర్పమనండి. మీ చిచేవాకి ఆమె పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి. ఇవ్వడానికని వెళ్లిన మనిషి చేయి చాచి అడగగలిగితే, నా లెక్కలో ఎదుగుదల అదే. అది రాయడానికి రిపోర్టులో గడి ఉండదు, ఏం చేస్తాం.

రిపోర్టు అన్నాను కాబట్టి, నిజమే రాయండి. ముందు మీ పాస్టరమ్మతో ఫోన్లో మాట్లాడండి. మీకు సాయంత్రం అయిదున్నర అయితే ఇక్కడ రాత్రి తొమ్మిది, ఆవిడ తీరిగ్గా ఉంటారు. తర్వాత సంఘానికి, ‘భాష రాక, నిద్ర పట్టక ఇబ్బందిగా ఉంది, ప్రార్థించండి’ అని రెండు ముక్కలు చాలు. కూలి డబ్బుల్లోంచి కానుకేసిన అవ్వలకు అది అర్థం కాదనుకుంటున్నారా? పనులు లేని నెలలు వాళ్లు మీకంటే ఎక్కువే చూశారు. ఇంకోటి, సాక్ష్యం కోసమైనా సరే రోగుల ఫొటోలు పంపకండి.

సంబంధం విషయంలో అమ్మను మూడు నెలలు గడువడగండి. అక్కడి నుంచి బయటపడటానికని పెళ్లికి ఒప్పుకోవద్దు, పెళ్లి తప్పించుకోవడానికని అక్కడే ఉండిపోనూ వద్దు. నిద్ర కుదిరాక కూడా వచ్చేయాలనే అనిపిస్తే మిషన్ వాళ్లతో చెప్పి వచ్చేయండి. రెండేళ్లన్నావు కదా అని దేవుడు అప్పులవాడిలా నోటు పట్టుకుని కూర్చోడు. ఈలోగా ఆ మాత్ర ఏదో నాకు రాయండి.