సంతకం చేసింది కొవ్వుకి, నింపింది జెల్‌ని

ప్రశ్న: బుగ్గలో కణితి తీశాక గుంట పడింది. నా పొత్తికడుపు కొవ్వునే తీసి ఇంజెక్షన్‌తో అక్కడ నింపుతామని సర్జన్ చెప్పారు. సమ్మతి పత్రంలో ‘అవసరమైన ఇతర చికిత్సలు’ అన్న మాట కూడా ఉంది, సంతకం చేశాను. పది నెలల తర్వాత ఆ చోట గడ్డలు కట్టాయి. మరో డాక్టరు స్కాన్ చూసి, అది కొవ్వు కాదు, ఏదో కృత్రిమ జెల్‌లా ఉందన్నారు. ఆస్పత్రివారిని అడిగితే ‘మీరు సంతకం చేశారు కదా’ అంటున్నారు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. ఆ సంతకానికి ఆస్పత్రివారు అనుకుంటున్నంత బలం లేదు. చికిత్స స్వభావం, ప్రత్యామ్నాయాలు, ముఖ్యమైన ప్రమాదాలు వివరించి తీసుకున్నదే సమ్మతి అని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే తేల్చింది. ఒక చికిత్సకు ఇచ్చిన సమ్మతి మరోదానికి చెల్లదు. ప్రాణాన్నో ఆరోగ్యాన్నో కాపాడటానికి ఆగలేని పరిస్థితి ఉంటే మాత్రమే మినహాయింపు. బుగ్గ గుంట నింపడం అంత అత్యవసరమని వాదించడం కష్టమే.

ఏది నింపినా ఒకటే కదా అని వాళ్లు అనవచ్చు. కాదు. సొంత కొవ్వులో కొంత భాగాన్ని శరీరం పీల్చేసుకుంటుంది, మళ్లీ నింపాల్సి రావచ్చు. హయలూరోనిక్ ఆమ్లం జెల్ అయితే ఇబ్బంది వచ్చినప్పుడు హయలూరోనిడేజ్ అనే ఎంజైముతో కరిగించవచ్చు. పాలీమిథైల్ మెథాక్రిలేట్ అనే ప్లాస్టిక్ రేణువులున్న పదార్థమైతే కరిగించే మందే లేదు, చాలాసార్లు కోసి తీయాలి. ఈ తేడా ముందే చెబితే మీరు ఒప్పుకునేవారా? మీ కేసుకు ప్రాణం ఈ ప్రశ్నే.

కాబట్టి లాయరు నోటీసు కన్నా ముందు, లోపల ఉన్నదేమిటో కాగితం మీద తేలాలి. ఆపరేషన్ నోట్స్, సమ్మతి పత్రం నకలు, వాడిన ఉత్పత్తి పేరు, బ్యాచ్ నంబరు ఇవ్వమని రాతపూర్వకంగా అడిగి, అందినట్లు ముద్ర వేయించుకోండి. వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002 ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. వైద్య పరికరాల నిబంధనలు 2017 ప్రకారం ఇలాంటి ఉత్పత్తి లేబుల్‌పై తయారీదారు పేరు, బ్యాచ్ వివరాలు తప్పనిసరి. అవేవీ చూపలేకపోతే ఆ లోటు మీ వాదనకే బలం. ఔషధ నియంత్రణ అధికారులకు విడిగా ఫిర్యాదు కూడా చేయవచ్చు. బ్యాచ్‌లోనే లోపం బయటపడితే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద తయారీదారునీ ప్రతివాదిగా చేర్చవచ్చు.

ఒక హెచ్చరిక. గడ్డలు కట్టడమే నిర్లక్ష్యానికి రుజువు కాదు. చేయి తిరిగిన సర్జన్ చేసినా అవి రావచ్చు. అందుకే కేసును నైపుణ్యలోపం మీద కాక సమ్మతి లేకపోవడం మీద నిలబెట్టమంటాను. రెండో డాక్టరు నోటిమాట చాలదు, రాతపూర్వక నివేదిక కావాలి. కేసు కోసమని గడ్డను కోయించుకోకండి. వైద్యం కోసం ఎలాగూ తీయాల్సి వస్తే, ఆ కణజాలాన్ని పాథాలజీ పరీక్షకు పంపించి నమూనాను భద్రపరచమని కోరండి.

క్రిమినల్ కేసు జోలికి ఇప్పుడే వెళ్లవద్దు. దానికి తీవ్ర నిర్లక్ష్యం రుజువు కావాలని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. విషయం తెలిసిన రోజు నుంచి లెక్కించమని వాదించే వీలున్నా, ఆపరేషన్ తేదీ నుంచే లెక్కేసుకోవడం క్షేమం. మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు.

ఈలోగా ఆస్పత్రివారు ఉచితంగా సరిచేస్తామంటూ ‘ఇక ఎలాంటి క్లెయిమూ లేదు’ అన్న కాగితం ముందు పెడితే, లాయరుకు చూపించకుండా సంతకం చేయకండి.