కయోటీ వేటకు .22 చాలదా? సాన్ ఏంజెలో గొర్రెల మందల దగ్గర నేర్చుకున్న సంగతి

మీరు అడిగింది ఇది: విశాఖపట్నం నుంచి వచ్చే నెలలో టెక్సాస్ వెళ్తున్నారు, అక్కడ మీ బావగారి స్నేహితుడి రాంచ్‌లో (పశువుల క్షేత్రంలో) కయోటీలు, అంటే మన నక్క, తోడేళ్ల బంధువులైన అడవి జంతువులు, గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతున్నాయి. ఎన్‌సీసీలో .22 కాల్చిన అనుభవం ఉంది కాబట్టి ఆ రైఫిలే సరిపోతుందా, లేక జంతువు బాధపడకుండా పోవాలంటే పెద్ద క్యాలిబర్ (గుండు లావు, తూటా కొలత) కావాలా అని.

ఎన్‌సీసీ అనే మాట చూసి నవ్వు వచ్చింది. నేనూ అక్కడే మొదలుపెట్టాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో బోర్లా పడుకుని, ఇరవై ఐదు గజాల దూరంలోని కాగితం మీద ఐదు గుళ్లు కాల్చాను. ఐదూ అగ్గిపెట్టె అంత చోట పడ్డాయి. హవల్దారు వీపు తట్టాడు. ఆ తట్టు నన్ను ఇరవై ఏళ్లపాటు పాడుచేసింది.

తరవాత చమురు బావుల ఉద్యోగం మీద పశ్చిమ టెక్సాస్‌లో తొమ్మిదేళ్లు ఉన్నాను. సాన్ ఏంజెలో చుట్టుపక్కలంతా గొర్రెలు, మేకల దేశం. పక్క రాంచ్ యజమాని డెబ్బై దాటిన మనిషి. గొర్రెలు ఈనే రోజుల్లో రాత్రికి ఒకటో రెండో పిల్లలు పోయేవి. సాయం వస్తానంటే సరే అన్నాడు. చేతిలో అలవాటైన .22 ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను.

ఫిబ్రవరి సాయంత్రం. మెస్కిట్ పొదల వెనక కూర్చున్నాం. మెస్కిట్ అంటే మన సర్కారు తుమ్మకు దగ్గరి బంధువే, ముళ్లు కూడా అదే తీరు. ముసలాయన కుందేలు అరుపులాంటి ఈల ఊదాడు. ఎనభై గజాల దూరంలో కయోటీ వచ్చి పక్కకు తిరిగి నిలబడింది. తీరిగ్గా గురి పెట్టి కాల్చాను. తగిలిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. అది ఒక్కసారి గింగిరాలు తిరిగి తన పక్కనే కొరుక్కుని, పరుగెత్తింది. గుండు నేను అనుకున్న చోటికి నాలుగు వేళ్లు వెనగ్గా, పొట్టలో దిగింది. చీకటి పడేదాకా వెతికాం. సున్నపురాళ్ల మీద అక్కడక్కడా ఆకుపచ్చ కలిసిన రక్తం మరక, తరవాత అదీ లేదు. మర్నాడు పొద్దున ఆరు వందల గజాల అవతల, ఎండిన వాగు గట్టు కింద దొరికింది. ఇంకా ఊపిరి ఉంది. మమ్మల్ని చూసి లేవబోయి కూలబడింది. ముసలాయన దాని పని ముగించి, నా .22 తీసుకుని తన బండి సీటు వెనక పెట్టేశాడు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇక లెక్కలోకి వద్దాం. .22 లాంగ్ రైఫిల్ (మనం ఎన్‌సీసీలో కాల్చిన తూటా), .223 రెమింగ్టన్ (అంతకన్నా చాలా జోరైన తూటా) రెండిటి గుండు లావు దాదాపు ఒకటే. అందుకే కొత్తవాళ్లు పేరు చూసి మోసపోతారు. .22 గుండు 40 గ్రెయిన్లు, గొట్టం దాటేటప్పుడు వేగం సెకనుకు 1,200 అడుగుల చుట్టూ. .223 గుండు సాధారణంగా 55 గ్రెయిన్లు, వేగం 3,200 అడుగులు. (గ్రెయిన్ అంటే ఎంత అని అడుగుతారేమో: పాత తులానికి 180 గ్రెయిన్లు. అంటే ఈ గుళ్లు తులంలో మూడో వంతు కూడా ఉండవు.) శక్తి చూస్తే మొదటిది సుమారు 175 జౌళ్లు, రెండోది 1,700 దాకా. వంద గజాలు పోయేసరికి .22 ఆ కాస్తలోనూ దాదాపు మూడో వంతు పోగొట్టుకుంటుంది. కుందేలుకు, ఉడుతకు అది చాలు. కయోటీ మన నక్క కన్నా పెద్దది, తొమ్మిది కిలోల నుంచి ఇరవై కిలోల దాకా తూగుతుంది. చూడటానికి బొచ్చుతో నిండుగా కనిపిస్తుంది గానీ గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు చిన్న పూరీ అంత.

ఆ పూరీలో సరిగ్గా మధ్యన పడితే .22 కూడా చంపుతుంది. నేను దాన్ని కొలతగా తీసుకోను. చెయ్యి కాస్త వణికినప్పుడు, జంతువు ఒక అడుగు కదిలినప్పుడు, గాలి తోసినప్పుడు కూడా ఆ జంతువు పడ్డచోటే పడాలి. క్యాలిబర్ ఎంచుకునేది ఆ చెడ్డ క్షణం కోసం. .17 హెచ్ఎంఆర్, .22 మాగ్నమ్ అనే, .22 కన్నా కాస్త జోరైన చిన్న తూటాలు వాడేవాళ్లు ఉన్నారు. యాభై అరవై గజాల్లో, అదీ నిలకడైన చెయ్యి ఉంటేనే. మొదటి రైఫిల్‌గా మాత్రం నేను చెప్పను.

మీకు నా సలహా .223. తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి, భుజానికి తన్ను తక్కువ, కాల్చాక గుండు ఎక్కడ తగిలిందో స్కోప్‌లోనే (రైఫిల్ మీది గురి దుర్భిణిలోనే) కనిపిస్తుంది. రెండు వందల గజాల లోపు కయోటీకి ఇంతకు మించి అక్కర్లేదు. ఆ పైన గాలితోనే చిక్కు. గంటకు పది మైళ్ల అడ్డగాలిలో 55 గ్రెయిన్ల గుండు రెండు వందల గజాల దగ్గర నాలుగు అంగుళాలు, మూడు వందల దగ్గర దాదాపు పది అంగుళాలు పక్కకు పోతుంది. పూరీ వెడల్పు నాలుగు అంగుళాలని గుర్తుంచుకోండి. ఆర్.కె. బీచ్‌లో సాయంత్రం గాలికి చీర కొంగు పట్టుకునేవాళ్లను చూసి ఉంటారు కదా, పశ్చిమ టెక్సాస్‌లో అది మామూలు రోజు. అక్కడ దూరాలు తప్పవనుకుంటే .22-250 గాని, 1955లో వచ్చిన .243 వించెస్టర్ గాని చూడండి. నాకు .243 మీద మొగ్గు. బరువైన గుండు గాలికి తక్కువ లొంగుతుంది, పైగా అదే రైఫిల్‌తో జింకను కూడా వేటాడవచ్చు. .22-250 వేగం చూడముచ్చటగా ఉంటుంది గానీ గొట్టం త్వరగా అరుగుతుంది.

క్యాలిబర్ గురించి గంటలు గంటలు వాదించుకునేవాళ్లు గుండు రకం సంగతి మరిచిపోతారు. చవకగా దొరికే, పూర్తిగా రాగి తొడుగు ఉన్న సైనిక తరహా గుళ్లు కొనకండి. అవి సూదిలా దూరి అవతల తేలతాయి, జంతువు పరుగెత్తి ఏ పొదలోనో చస్తుంది. తగలగానే విచ్చుకునే మెత్తని మొన లేదా ప్లాస్టిక్ మొన గుళ్లు తీసుకోండి. అవి నేలకు తగిలితే చాలావరకు ముక్కలైపోతాయి, ఎగిరి పక్క మందలోకి పోయే ప్రమాదం తక్కువ. అయినా వెనక మట్టిగట్టు లేకుండా కాల్చకూడదు.

మరీ పెద్దది ఎందుకు వద్దంటే, .30-06 లాంటిది భుజాన్ని గట్టిగా తన్నుతుంది. పది తూటాల తరవాత ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుపోతాయి, గురి తప్పుతుంది. మళ్లీ పొట్టలో గుండే.

గాయపడిన వేటజంతువు బాధ దానితోనే ఆగదని మన దేశం బాగా ఎరుగును. 1907లో వేటగాడు జిమ్ కార్బెట్ చంపిన చంపావత్ ఆడపులి నోట్లో కుడివైపు పై, కింది కోరపళ్లు రెండూ విరిగి ఉన్నాయి. ఎవరో ఎప్పుడో సరిగ్గా కాల్చని దెబ్బ. అడవిలో వేట చేతకాక అది మనుషుల మీద పడింది, 436 ప్రాణాలు తీసిందని లెక్క. కయోటీ మనుషుల జోలికి అంతగా రాదు. కానీ కుంటి కయోటీ కుందేలును పట్టలేదు, కంచెలో ఉన్న గొర్రెపిల్లను మాత్రం పట్టగలదు.

రైఫిల్ చేతికి వచ్చాక బల్ల మీద ఆనించి కాల్చి మురిసిపోకండి. నేల మీద కూర్చుని, రెండు కర్రల ఊతతో, పది అంటే పది గుళ్లూ ఆ పూరీ అంత వలయంలో పడే దూరం ఎంతో చూసుకోండి. అదే మీ హద్దు. .223తో నా హద్దు నూట ఎనభై గజాలు. ఒకసారి మూడు వందల ఇరవై గజాల దూరంలో కయోటీ నిలబడి మావైపే చూస్తోంది. చేతిలో .223, గాలి పక్కనుంచి. రైఫిల్ దించేశాను. ముసలాయన మొదటిసారి నాకు ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చాడు. ఆ రాత్రి ఒక పిల్ల పోయింది, అది కూడా చెప్పాలి.

ఇదంతా అక్కడి మాట. ఇక్కడ కంబాలకొండ పక్కనో ఆనందపురం తోటల్లోనో నక్క కనిపిస్తే ఈ సలహాలేవీ వర్తించవు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, నాటు తుపాకీ అయినా లైసెన్సు రైఫిల్ అయినా. మంచి కంచె, రాత్రిపూట దొడ్డి, రెండు కుక్కలు, అంతే.

టెక్సాస్‌లో కయోటీకి వేట కాలం అంటూ నిషేధం లేదు, ఏడాదంతా వేటాడవచ్చు. కానీ ఎఫ్-1, హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గాని తూటాలు గాని దగ్గర ఉంచుకోవడం అమెరికా కేంద్ర చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. కాబట్టి ముందు లైసెన్సు, తరవాతే రైఫిల్‌ను ముట్టుకోవడం. 1971 సెప్టెంబరు 2న, ఆ తరవాత పుట్టినవాళ్లకు అక్కడ వేట శిక్షణ కోర్సు కూడా తప్పనిసరి.

మీ బావగారి స్నేహితుడి దగ్గర ఇప్పటికే రైఫిల్ ఉంటే గొట్టం మీద చెక్కిన అక్షరాలు ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. .223 అని ఉన్నదాంట్లో 5.56 సైనిక తూటా పెట్టకూడదు, చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఫొటో చూసి ఏ తూటా కొనాలో చెబుతాను.