మరకలు ఆగాకే అసలు కాపలా

అమ్మడూ,

మీ కుక్కపిల్ల మొదటిసారి హీట్‌లోకి, అంటే ఎదకు వచ్చిందని, గచ్చు మీద రక్తపు చుక్కలు చూసి నువ్వు హడలిపోయావని మీ అమ్మ చెప్పింది. భయపడాల్సిందేమీ లేదు. దానికి ఎదకొచ్చే వయసు వచ్చింది. చిన్న జాతులకు ఆరో నెల నుంచే రావచ్చు, పెద్ద జాతులకు ఏడాది దాటాకో, ఏడాదిన్నరకో వస్తుంది. భయం అక్కర్లేదు గానీ జాగ్రత్త మాత్రం ఈ రోజు నుంచే కావాలి. నాకు తెలిసినదంతా వివరంగా రాస్తున్నాను. చదివాక ఇంట్లో వాళ్లందరికీ ఇవ్వు. మీ ఇంట్లో తలుపు తీసే ప్రతి మనిషికీ ఈ సంగతులు తెలియాలి.

ముందు, మొదటి చుక్క కనిపించిన తేదీ క్యాలెండర్‌లో రాసిపెట్టు. అక్కడి నుంచి నాలుగు వారాలు లెక్కపెట్టి, ఆఖరి రోజు చుట్టూ గీత గియ్యి. ఎద మామూలుగా మూడు వారాలు ఉంటుంది, కానీ కొన్నిటికి ఇంకాస్త సాగుతుంది. ఆ గీసిన రోజు దాటేదాకా దాన్ని పెరట్లోకైనా సరే ఒంటరిగా వదలకూడదు. కొన్ని ఆడకుక్కలు ఎప్పటికప్పుడు నాక్కుని శుభ్రం చేసేసుకుంటాయి, మనకు చుక్క కూడా కనబడదు. అందుకని రోజూ పొద్దున్నే ఒక తెల్లటి టిష్యూతో అక్కడ మెల్లగా అద్ది రంగు చూడు, అది కూడా రాసుకో. వచ్చేసారికి ఈ కాగితమే నీకు అన్నిటికన్నా ఎక్కువ పనికొస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చాలామంది కాపలా కాయాల్సిన రోజుల్ని తప్పుగా అనుకుంటారు. రక్తం బాగా పడుతున్నప్పుడు కళ్లలో వత్తులు వేసుకుని చూస్తారు, మరకలు తగ్గగానే "హమ్మయ్య, అయిపోయింది" అని గేటు తీస్తారు. నిజంగా జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. మొదటి దశ సగటున తొమ్మిది రోజులు ఉంటుంది. జననాంగం ఉబ్బుతుంది, ఎర్రగా రక్తం పడుతుంది, ఆ వాసనకు మగకుక్కలు వచ్చి చేరతాయి. కానీ ఆడది వాటిని దగ్గరికి రానివ్వదు. చతికిలబడి కూర్చుంటుంది, గుర్రుమంటుంది, మరీ మీదకొస్తే కరుస్తుంది. అది చూసి మనకు లేనిపోని ధైర్యం వస్తుంది. తర్వాత రక్తం పలచబడి లేత గులాబీ రంగుకో, గడ్డి రంగుకో మారుతుంది. ఉబ్బు కాస్త మెత్తబడుతుంది. అప్పుడే అది మగకుక్కను ఒప్పుకుంటుంది. ఈ రెండో దశ కూడా సగటున తొమ్మిది రోజులే, కొన్నిటిలో ఇంకా ఎక్కువ. అంటే మన కంటికి అంతా ముగిసినట్టు కనిపించే వారమే దానికి గర్భం నిలిచే వారం.

రంగు ఒక్కదాన్నే నమ్ముకోకు. కొన్నిటికి ఆఖరి దాకా ఎర్రగానే పడుతుంది. తోక చూడు. వీపు చివర, తోక మొదట్లో చేత్తో రుద్దినప్పుడు కదలకుండా నిలబడి తోక పక్కకు తిప్పేసిందంటే అది సిద్ధంగా ఉన్నట్టే. ఆ దశలో దాని స్వభావం కూడా మారిపోతుంది. ఎప్పుడూ నీ కాళ్లు వదలనిది తలుపు దగ్గర కాచుక్కూర్చుంటుంది, సందు దొరికితే దూరిపోతుంది. పిలిస్తే వినదు. దాన్ని మొండితనం అనుకుని తిట్టకు, కొట్టకు. దాని ఒంట్లో జరుగుతున్న దాని ముందు నువ్వు నేర్పిన మాటలు నిలబడవు.

"ఇంకా టైం రాలేదులే, ఇప్పుడు కలిసినా ఏం కాదు" అని ఎవరైనా అంటే నమ్మకు. మగకుక్క వీర్యకణాలు ఆడదాని కడుపులో దాదాపు వారం దాకా బతికి ఉండగలవు. అండాలు విడుదలయ్యాక పక్వానికి రావడానికి రెండు రోజులు పడుతుంది, ఆ తర్వాత మరో రెండు మూడు రోజులు నిలుస్తాయి. అందుకే ముందు కలిసినా, వెనక కలిసినా కడుపు నిలిచే వీలుంది. ఒక్కసారి కలిసింది కదా, ఇక కాపలా ఎందుకని వదిలేసేవాళ్లూ ఉన్నారు. కానీ ఒకే ఈతలో వేర్వేరు తండ్రుల పిల్లలు పుట్టడం కుక్కల్లో జరిగే విషయమే.

ఇక తలుపుల సంగతి. నా మాటగా ఒక్క నియమం పెట్టుకో: దానికీ వీధికీ మధ్య ఎప్పుడూ రెండు మూసిన తలుపులు ఉండాలి. ఒకటి తీసేముందు రెండోది వేసి ఉందో లేదో చూడాలి. బెల్ మోగగానే ముందు దాన్ని లోపలి గదిలో పెట్టి, గది తలుపు గడియ వేసి, ఆ తర్వాతే వీధి తలుపు తియ్యాలి. పార్సిల్ తెచ్చినవాళ్లు ఒక నిమిషం ఆగితే కొంపలేమీ మునగవు. పిల్లలు బడి నుంచి వచ్చే వేళ, పనివాళ్లు వచ్చే వేళ, చుట్టాలు బయల్దేరుతూ గుమ్మంలో మాటల్లో పడే వేళ, ఇవీ కుక్కలు జారిపోయే సమయాలు. తలుపు లోపలివైపు, కంటికి ఎదురుగా, ఈ నియమాన్ని పెద్ద అక్షరాలతో రాసిన కాగితం అతికించు. కుక్కను గదిలో పెట్టే బాధ్యత ఏ పూట ఎవరిదో పేరుతో సహా అనుకోండి. "ఎవరో ఒకరు చూస్తారులే" అనుకున్న ఇంట్లోనే ఎవరూ చూడరు.

ప్రహరీ ఉంది కదా అని పెరట్లో వదిలి లోపలికి రాకు. మామూలు రోజుల్లో గోడ దూకని కుక్క ఈ రోజుల్లో దూకుతుంది. బయటి నుంచి మగకుక్క గోడ ఎక్కుతుంది, గేటు కింద మట్టి తవ్వుతుంది, సందులోంచి పాకుతుంది. ఇనుప చువ్వల గేటు, వల కంచె అయితే అటూ ఇటూ నిలబడే పని కానిచ్చేస్తాయి, ఈ మాట విని చాలామంది ఆశ్చర్యపోతారు. గేటు కింది సందును పలకతో మూయించు, చువ్వలకు అడుగు నుంచి నడుము ఎత్తు దాకా రేకో చెక్కో కట్టించు. బయట గొలుసుతో కట్టేయడం మాత్రం అస్సలు వద్దు. కట్టేసిన ఆడకుక్క పారిపోలేదు, ఇష్టం లేకపోయినా తప్పించుకోలేదు, నాలుగైదు మగకుక్కలు మీద పడితే గాయాల పాలవుతుంది.

రాత్రి దాని పడక మీ ఇంటి లోపలే, వీధి తలుపుకు దూరంగా ఉన్న గదిలో ఉండాలి. నేల మీద నుంచి అందే కిటికీలు మూసెయ్యి, దోమల తెరను నమ్ముకోకు. బయట కుక్కలు చేరి మొరుగుతుంటే నిద్ర పట్టదు, చుట్టుపక్కల వాళ్లూ విసుక్కుంటారు. వాళ్లకు ముందే ఒక మాట చెప్పి ఉంచు, వాళ్ల మగకుక్క ఉంటే కట్టి ఉంచుకోమని అడుగు. మీ కుక్క మూత్రం పోసిన చోట వెంటనే నీళ్లు కుమ్మరించు. వాసన పూర్తిగా పోదు గానీ కొంత తగ్గుతుంది.

మీ ఇంట్లో మగకుక్క కూడా ఉంటే ఈ నాలుగు వారాలు దాన్ని తెలిసినవాళ్ల ఇంట్లో ఉంచడం అన్నిటికన్నా మంచిది. ఒకే ఇంట్లో రెండిటినీ విడిగా ఉంచడం వినడానికి తేలిక, చేయడానికి నరకం. మగది తిండి మానేస్తుంది, రాత్రంతా ఏడుస్తుంది, తలుపు గీరుతుంది. అన్నాచెల్లెళ్లనీ తల్లీకొడుకులనీ వాటికి ఉండదు. "చిన్నది కదా" అని కూడా అనుకోకు, ఆరు నెలల మగ కుక్కపిల్ల కూడా తండ్రి కాగలదు. మగదానికి ఈ మధ్యే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఉంటే, ఆ తర్వాత కూడా కొన్ని వారాలు దాంట్లో వీర్యం మిగిలి ఉంటుంది.

వాకింగ్ మానిపించక్కర్లేదు, కానీ పద్ధతి మార్చు. మెడ పట్టీకి ఒక తాడు, ఛాతీకి వేసే హార్నెస్‌కి ఇంకో తాడు కట్టి, రెండూ నీ చేతిలోనే ఉంచుకో. భయపడి వెనక్కి గుంజితే మెడ పట్టీ తలమీదుగా జారిపోతుంది. సాగే తాళ్లు ఇప్పుడు వాడకు. వీధిలో కుక్కలు తక్కువగా తిరిగే వేళ చూసుకుని, ఒంటరిగా కాకుండా ఇంకొకరిని తోడు తీసుకెళ్లి, పని కాగానే వెనక్కి వచ్చెయ్యి. పిల్లల చేతికి తాడు ఇవ్వకు. ఎదురుగా మగకుక్క వస్తే పరుగెత్తకు, దారి మార్చి నడుస్తూ పో. చిన్న కుక్క అయితే ఎత్తుకో, కానీ పెద్ద కుక్కలు మీదకు ఎగిరే ప్రమాదం ఉంది కాబట్టి ఏ గేటు లోపలికో వెళ్లు. దాని మెడలో నీ ఫోన్ నంబరున్న బిళ్ల ఉందో లేదో ఈ రోజే చూడు.

డైపర్లు, నిక్కర్లు దొరుకుతున్నాయి కదా అంటావేమో. అవి సోఫా మీద మరక పడకుండా ఉండటానికి మాత్రమే. మగకుక్కను ఆపవు. అది లాగి పక్కకు నెట్టగలదు, ఆడదే కొరికి విప్పుకోగలదు. వేసినా తరచూ మార్చు, తడిగా ఉంచితే ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. వాసన కప్పేస్తాయని చెప్పే స్ప్రేలు, మాత్రలు నమ్మి కాపలా సడలించకు. తోక దగ్గర ఘాటైన నూనెలు, బామ్‌లు రాయమని చెప్పేవాళ్లుంటారు, ఆ సున్నితమైన చోట మంట పుట్టించి దాన్ని బాధపెట్టడమే అవుతుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డతో పైపైన తుడిస్తే చాలు. లోపల కడగకూడదు, ఈ రోజుల్లో గర్భాశయ ద్వారం తెరిచి ఉంటుంది కాబట్టి ఇన్ఫెక్షన్ లోపలికి పోతుంది.

ఇంత చేసినా ఎక్కడో జారి జత కట్టిందనుకో. రెండూ అతుక్కుని ఉంటే లాగొద్దు, కర్రతో కొట్టొద్దు, నీళ్లు పొయ్యొద్దు. మగదాని అంగం మొదట్లో ఉబ్బు రావడం వల్ల అవి అలా లాక్ అవుతాయి, బలవంతంగా విడదీస్తే రెండిటికీ లోపల చిరుగుతుంది. ఐదు నిమిషాల నుంచి అరగంట పట్టొచ్చు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పక్కన కూర్చుని ఆడదాని మెడ పట్టుకుని నిమురుతూ, అటూ ఇటూ ఈడ్చకుండా చూడు. లాక్ పడలేదు కాబట్టి కడుపు రాదనే నమ్మకం కూడా పనికిరాదు. విడిపోయాక తేదీ, సమయం రాసుకుని వెట్‌కి, అంటే పశువుల డాక్టరుకి ఫోన్ చెయ్యి. గర్భం నిలవకుండా చేసే మందులు వాళ్ల దగ్గర ఉంటాయి, ఏది ఎప్పుడు ఇవ్వాలో చూసి చెబుతారు. మనుషుల మాత్రలు మాత్రం వెయ్యకు. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఇంజెక్షన్ పొడిచి పంపేద్దామంటే ఒప్పుకోకు, దానివల్ల గర్భాశయంలో చీము పట్టవచ్చు, ఎముక మజ్జ దెబ్బతినవచ్చు. గర్భం ఉందో లేదో జత కట్టిన 25 రోజుల తర్వాత స్కానింగ్‌లో తెలుస్తుంది. గర్భకాలం సుమారు 63 రోజులు.

"ఒక్క ఈత ఈననిస్తే దాని ఆరోగ్యానికి మంచిది" అని నీతో ఎంతమంది అంటారో నాకు తెలుసు. ఆ మాట నిజం కాదు. ఈనడం వల్ల కుక్క ఆరోగ్యానికి కలిసొచ్చేది ఏమీ లేదు. అదింకా ఎదుగుతున్న పిల్ల. మొదటి ఎదలోనే తల్లి అయితే తన ఎముకలకు పోవాల్సిన బలం పిల్లలకు పోతుంది. పుట్టిన పిల్లలందరికీ మంచి ఇళ్లు దొరుకుతాయని ఎవరు హామీ ఇస్తారు? ఆ మాట అన్నవాళ్లెవరూ ఒక్క పిల్లను కూడా తీసుకెళ్లరమ్మా.

గీసిన తేదీ దాటాక కూడా రెండు నెలలు దాన్ని కనిపెట్టుకుని ఉండు. కుర్ర కుక్కల్లో ఒక్కోసారి ఎద మధ్యలో ఆగిపోయి, కొన్ని వారాలకు మళ్లీ మొదలవుతుంది. అప్పుడు లెక్క మొదటి నుంచి పెట్టుకోవాలి. గర్భం లేకపోయినా పాలు రావడం, బొమ్మల్ని పిల్లల్లా దాచుకోవడం కూడా జరుగుతుంది. పాలు పిండకు, పిండితే ఇంకా వస్తాయి, చాలా వరకు దానంతట అదే తగ్గుతుంది. కానీ ఎద ముగిసిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో తిండి మానేసి, నీరసంగా పడుకుని, నీళ్లు విపరీతంగా తాగుతుంటే, వాంతులైతే, కింద చీము లాంటిది కారితే, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లు. అది గర్భాశయంలో చీము పట్టడం, తెల్లారేదాకా ఆగే జబ్బు కాదు. ఒక్కోసారి బయటికి ఏమీ కారకుండా లోపలే నిండిపోతుంది, అది మరీ ప్రమాదం.

ఆపరేషన్ ఇప్పుడే చేయించేద్దామా అని మీ అమ్మ అడిగింది. ఎదలో ఉండగా అక్కడ రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, రక్తస్రావం ఎక్కువయ్యే అవకాశం ఉంటుంది. అందుకే చాలామంది డాక్టర్లు ఎద ముగిశాక రెండు మూడు నెలలు ఆగమంటారు. నన్నడిగితే, పిల్లల్ని ఈనించే ఉద్దేశం లేనప్పుడు చేయించడమే మేలు. కుక్కలకు వయసు మళ్లినా ఎద ఆగదు, బతికున్నంత కాలం ఈ కాపలా తప్పదు. నువ్వు ఈ వారంలోనే వెట్‌తో మాట్లాడి, దాని జాతి, బరువు చెప్పి, ఏ నెలలో చేయిస్తే మంచిదో అడిగి ఆ తేదీ కూడా అదే క్యాలెండర్‌లో రాసుకో. ఆలస్యం చేస్తే ఆరేడు నెలల్లో మళ్లీ ఎద వచ్చేస్తుంది.

ప్రేమతో,
మీ పెద్దమ్మ