టెక్ సందేహాలు: మోటారు మార్చకండి, బ్యాటరీ జరపండి

ప్రశ్న: ఇంటర్ చదివే మా అబ్బాయి కోసం రిమోట్ ఫోమ్ విమానం తెప్పించాను. ఏఆర్ఎఫ్ రకం. రెక్కల పొడవు 1.2 మీటర్లు. రిమోట్, రిసీవర్, 2200 ఎంఏహెచ్ త్రీసెల్ లైపో బ్యాటరీ విడిగా కొన్నాం. చేత్తో విసరగానే ముక్కు పైకెత్తి, పక్కకు ఒరిగి పడిపోయింది. రెక్క కాస్త చిట్లింది. ఇంకా పెద్ద మోటారు వేయాలా? - ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు బ్యాటరీ ఎక్కడ పెట్టారో చూడండి. మీరు చెప్పిన లక్షణాలకు తోక బరువే కారణమని నా అనుమానం. తోక దిగితే ముక్కు లేస్తుంది, వేగం పడిపోతుంది, రెక్క గాలి మీద పట్టు తప్పుతుంది. రెండు రెక్కలూ ఒకేసారి పట్టు తప్పవు కాబట్టి విమానం ఓ పక్కకు ఒరుగుతుంది. మోటారు పెంచితే పడటం మానదు, ఇంకాస్త గట్టిగా పడుతుందంతే.

ఏఆర్ఎఫ్ అంటే దాదాపు సిద్ధమని అర్థం. చిక్కంతా ఆ ‘దాదాపు’లోనే ఉంది. బ్యాటరీ, రిసీవర్ మీరే అమరుస్తారు కాబట్టి తూకం కూడా మీదే. రెక్క వెడల్పును, అంటే ముందంచు నుంచి వెనకంచు దాకా, స్కేలుతో కొలవండి. ఉదాహరణకు 180 మిల్లీమీటర్లుంటే, ముందంచు నుంచి 45-54 మిల్లీమీటర్ల మధ్య, అంటే పావు వంతు నుంచి 30 శాతం లోపు, బరువు కేంద్రం ఉండాలి. మాన్యువల్‌లో కచ్చితమైన అంకె ఇచ్చి ఉంటే దాన్నే నమ్మండి. రెండు రెక్కల కిందా అక్కడ గుర్తు పెట్టి, బ్యాటరీతో సహా చూపుడువేళ్ల మీద నిలబెట్టండి. ముక్కు ఒక్క పిసరు కిందికి వాలితే మంచిదే. తోక వాలితే బ్యాటరీని ముందుకు జరపండి. ఇక జరగడానికి చోటు లేకపోతే గాలానికి కట్టే సీసం గుళ్లు ముక్కులో అతికించండి.

తర్వాత ప్రొపెల్లర్ ఊడదీసి, విమానం వెనక నిలబడండి. స్టిక్ కుడికి నెడితే కుడి ఎయిలెరాన్ (రెక్క వెనకంచున కదిలే పలక) పైకి లేవాలి. స్టిక్ మీవైపు లాగితే ఎలివేటర్ (తోక దగ్గర కదిలే అడ్డ పలక) పైకి లేవాలి. నా మొదటి విమానంలో ఎయిలెరాన్లు తలకిందులుగా ఉన్న సంగతి నాకు గాలిలోనే తెలిసింది. ఎడమకు తిప్పబోతే కుడికి తిరిగి నేరుగా కందిచేలోకి! రిమోట్‌లో ఆ చానల్‌ను రివర్స్ చేస్తే పోయేది.

ఇవన్నీ సరిపోయాక, మోటారు ఆపి, గడ్డి బాగా ఎదిగిన చోట గాలికి ఎదురుగా, ముక్కు కాస్త కిందికి వంచి విసరండి. నిదానంగా జారుతూ తిన్నగా వెళ్తే తూకం కుదిరినట్టే. పైకి లేచి ధబ్బున పడితే బ్యాటరీ ఇంకొంచెం ముందుకు. విసిరిన వెంటనే ముక్కు పొడిస్తే కొంచెం వెనక్కి.

చిట్లిన రెక్క సంగతి. ఫెవిక్విక్ లాంటివి కొన్ని ఫోమ్‌లను కరిగించేస్తాయి, తుక్కు ముక్క మీద ముందు పరీక్షించండి. ఎపాక్సీ అయితే భయం లేదు. అతికాక రెక్క మెలి తిరిగిందేమో వెనక నుంచి కన్ను పెట్టి చూడండి. మెలి ఉంటే తూకం ఎంత కుదిరినా ఓ పక్కకే లాగుతుంది.

బ్యాటరీలో ఒక్కో సెల్ 3.3 వోల్టులకు దిగక ముందే విమానాన్ని దించేయండి. రిమోట్ ముందు ఆన్ చేయాలి, చివర్న ఆఫ్ చేయాలి. ఎగరేసే చోటు రెడ్ జోన్‌లోనో, ఎల్లో జోన్‌లోనో (అనుమతి లేకుండా ఎగరేయకూడని ప్రాంతాలు) లేదని ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఒకసారి చూసుకోండి.