కండరాల రకం చెప్పే ఎంఆర్ఐ ఉందా? ఉంది, కానీ...

బాబుకి పద్నాలుగేళ్లు, స్ప్రింట్‌లో వేయాలా లాంగ్ డిస్టెన్స్‌లోనా తేలాలంటే ఎంఆర్ఐలో ఫైబర్ టైప్ చూపించుకు రమ్మన్నాడు కోచ్, సూది గుచ్చి కండ ముక్క తీయకుండా అది కుదురుతుందా అని కదా మీరు అడిగింది. కుదురుతుంది, కాకపోతే మన వీధి చివర తీసే స్కాన్‌లో కాదు. ఫైబర్ టైప్ అంటే, కండలో వేగానికి పనికొచ్చే ఫాస్ట్ ట్విచ్ పోగులు ఎక్కువా, ఎక్కువసేపు ఓర్చుకునే స్లో ట్విచ్ పోగులు ఎక్కువా అన్నది.

ఈ పిచ్చి నాకూ పట్టింది. రెండేళ్ల కిందట ఓ ఆదివారం పొద్దున్నే నెక్లెస్ రోడ్డు మీద పరిగెడుతుంటే ఎవరో వెనక నుంచి రాయి విసిరినట్టు పిక్కలో ఠపీమంది. డాక్టర్ ఎంఆర్ఐ రాశాడు. దొరికిన స్లాట్ రాత్రి పదిన్నరకి. చలికి వణుకుతూ, కాలికి కాయిల్ చుట్టించుకుని, డ్రిల్లింగ్ మిషన్ లాంటి ఆ మోతలో అరగంట పడుకున్నాక, లేస్తూనే టెక్నీషియన్ కుర్రాణ్ణి అడిగా: "తమ్ముడూ, నాది ఫాస్ట్ ట్విచ్చా, స్లో ట్విచ్చా కనబడుతుందా?" వాడు స్క్రీన్ మీద బూడిదరంగు కండలో తెల్లటి చార చూపించి, "అన్నా, ఇది చిరిగింది, ఇది నీరు పట్టింది. ట్విచ్ అంటే ఏంది?" అన్నాడు.

వాడి తప్పేం లేదు. ఆ బొమ్మలో ఫైబర్ రకం కనబడదు. కావాల్సింది స్పెక్ట్రోస్కోపీ, అంటే అదే మిషన్‌తో ఫోటోకి బదులు రసాయనాల గ్రాఫ్ తీయడం. మన పెద్దాసుపత్రుల్లో మెదడు గడ్డలకి చేస్తూనే ఉంటారు, పిక్కకి చేయమని అడిగేవాళ్లే లేరు. బెల్జియంలోని ఘెంట్ యూనివర్సిటీ వాళ్లు 2011లో పిక్క కండరంలో కార్నోసిన్ అనే పదార్థాన్ని ఇలాగే కొలిచారు. ఫాస్ట్ ఫైబర్లలో అది దాదాపు రెట్టింపు ఉంటుంది. మామూలు జనంతో పోలిస్తే స్ప్రింటర్లలో 30 శాతం దాకా ఎక్కువ, దూరం పరిగెత్తేవాళ్లలో 20 శాతం దాకా తక్కువ వచ్చింది. నీళ్లు, కొవ్వు సిగ్నల్ కొండంత ఉంటే ఇది చీమంత, కాబట్టి కాలు కదిలిందా, లెక్క పోయినట్టే.

అసలు తిరకాసు తిండి దగ్గర. మాంసం తినని వాళ్ల కండరాల్లో కార్నోసిన్ తక్కువే ఉంటుంది. అంటే పప్పూ పెరుగన్నంతో పెరిగిన పిల్లాడికి గ్రాఫ్ చిన్నగా వచ్చిందని మారథాన్‌కి పంపేస్తారా? జిమ్ముల్లో అమ్మే బీటా అలనిన్ (కార్నోసిన్ తయారీకి ఒళ్లు వాడుకునే ముడిసరుకు) పౌడర్ కొన్ని వారాలు తాగితే అదే గ్రాఫ్ పైకి లేస్తుంది, ఫైబర్ మాత్రం ఎక్కడిదక్కడే.

నన్నడిగితే గ్రౌండ్‌కి తీసుకెళ్లి అరవై మీటర్లు పరిగెత్తించండి, స్టాప్‌వాచ్ ఉంటే చాలు. కోచ్ అయినా వినకపోతే, ఆయన పంపే స్కాన్ సెంటర్‌కి ఫోన్ చేసి పిక్కకి స్పెక్ట్రోస్కోపీ చేస్తారా, పోల్చడానికి ఈ వయసు పిల్లల లెక్కలు మీ దగ్గరున్నాయా అని అడగండి. నేను ఒక చోట అడిగితే హోల్డ్‌లో పెట్టి, ఐదు నిమిషాలు మ్యూజిక్ వినిపించి, కట్ చేశారు.