తాళాల సంగతి సరే, ఆ నిద్రమాత్ర ఎవరు రాశారు?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. గుంటూరులో ఓ ప్రభుత్వ ఆఫీసులో పనిచేస్తాను. ఏడాదిగా ఇంట్లోనూ ఆఫీసులోనూ ఏ పనీ ఓ పద్ధతిలో జరగడం లేదు. స్కూటీ తాళాల కోసం రోజూ వెతుకులాటే. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతున్నాను. ఫైలు తీసి, ఎందుకు తీశానో గుర్తురాక కూర్చుంటున్నాను. థైరాయిడ్‌కి 75 మాత్ర వాడుతున్నాను గానీ హడావుడిలో వారానికి రెండు మూడు రోజులు తప్పిపోతోంది. ఆఖరిసారి పరీక్ష చేయించి ఏడాదిన్నర దాటింది. నెలసరి ఒక్కోసారి రెండు నెలలకు వచ్చి బాగా ఎక్కువగా అవుతోంది. నిద్ర పట్టడం లేదంటే మా ఆడపడుచు తను వాడే ఆల్ప్రాజోలం 0.25 చెప్పింది. నాలుగైదు నెలలుగా రోజూ రాత్రి వేసుకుంటున్నాను, మా వీధి మెడికల్ షాపులో ఇస్తారు. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుందంటారు కదా. ఉదయం ఐదింటికి లేవడం, డైరీ రాయడం మొదలుపెడదామనుకుంటున్నాను. ఇంకా ఏయే చిన్న అలవాట్లు చేసుకోవాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: డైరీ సంగతి తర్వాత చూద్దామమ్మా, ముందు ఆ ఆల్ప్రాజోలం గురించి మాట్లాడాలి. మీ ఆడపడుచుకు దాన్ని ఏ డాక్టరు దేనికి రాశారో గానీ, మీకైతే ఎవరూ రాయలేదు. అది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మినప్పుడు ఎవరికి, ఎంత ఇచ్చారో విడిగా రిజిస్టర్‌లో రాసి, దాన్ని మూడేళ్లు భద్రపరచాలి. మందు లేబుల్ మీద ఎర్ర గడిలో హెచ్చరిక కూడా ఉంటుంది. షాపులో పది మాత్రల స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించి నాలుగు చేతిలో పెడితే ఆ హెచ్చరిక, గడువు తేదీ తరచూ షాపులోనే ఉండిపోతాయి. చుట్టాల మందులు పంచుకునే ఈ అలవాటు మా ఓపీలో రోజూ కనిపిస్తుంది. ఎంత చెప్పినా తగ్గదు.

ఈ రకం మందులు వాడేవారిలో కొందరికి కొత్తగా జరిగిన విషయాలు సరిగా గుర్తుండవు. మర్నాడు ఉదయం కూడా మగత, ఏకాగ్రత లేకపోవడం ఉండొచ్చు. మీకు మతిమరుపు మొదలై ఏడాది, మాత్ర మొదలుపెట్టి నాలుగైదు నెలలు అంటున్నారు. కాబట్టి తప్పంతా దానిదేనని చెప్పలేను గానీ, ఇప్పుడు దాని వాటా కొంత ఉండే అవకాశం ఉంది. తలంతా మత్తుగా అనిపించిన రోజు స్కూటీ తీయకండి.

ఇది చదివి ఈ రాత్రి నుంచే మాత్ర మానేయకండి. నెలల తరబడి రోజూ వేసుకున్నాక ఒక్కసారిగా ఆపితే గాభరా, వణుకు, అసలు నిద్రే పట్టకపోవడం, అరుదుగా ఫిట్స్ కూడా రావచ్చు. ఫిజీషియన్‌నో సైకియాట్రిస్టునో కలవండి. వాళ్లు మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పిస్తారు. సైకియాట్రిస్టు అనగానే కంగారు పడక్కర్లేదు, ఈ పని వాళ్లకు రోజూ ఉండేదే.

ఇక థైరాయిడ్. ఈ మందు ఒంట్లోంచి సగం పోవడానికి దాదాపు వారం పడుతుంది కాబట్టి ఒక రోజు తప్పితే ఏమీ తెలియదు. ఆ ధైర్యమే చాలామందిని ముంచుతుంది. వారానికి రెండు మూడు తప్పితే కొన్నాళ్లకు నీరసం, మతిమరుపు, మందకొడితనం, నెలసరి ఎక్కువ కావడం లాంటివి మొదలవ్వొచ్చు. మీరు రాసిన వాటిలో సగం ఇవే. మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకుని కాఫీ, టిఫిన్ అరగంట నుంచి గంట ఆగి తీసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలు వాడుతుంటే వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. నీరసంగా ఉందని సొంతంగా డోసు పెంచుకోవద్దు. ఎక్కువైతే గుండెదడ వస్తుంది, ఉన్న నిద్ర కూడా పోతుంది.

టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూపేది), విటమిన్ బీ12, షుగర్ పరీక్షలు చేయించమని మీ డాక్టరు చెప్పవచ్చు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ గానీ, గ్యాస్‌కి రోజూ మాత్ర గానీ చాలాకాలంగా వాడుతుంటే బీ12 తగ్గవచ్చు. అవి వాడుతున్నదీ లేనిదీ మీ ఉత్తరంలో కనిపించలేదు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు. రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, ఆ సంగతి ల్యాబ్‌లోనూ చెప్పాలి. నెలసరి అన్నాళ్లు ఆగి ఎక్కువగా అవుతోందంటే గైనకాలజిస్టుకు చూపించాల్సిందే. ‘ఈ వయసులో మామూలే’ అని వదిలేయొద్దు. నెలసరి ఆగిపోయే దశ దగ్గరపడ్డా నిద్ర చెడుతుంది, మతిమరుపు వస్తుంది. కానీ రక్తహీనతో ఇంకోటో లేదని తేల్చుకున్నాకే ఆ మాట అనుకోవాలి. గురక ఉందేమో ఇంట్లోవాళ్లను అడగండి, నిద్ర చెడటానికి అదీ కారణం కావచ్చు.

అలవాట్ల గురించి అడిగారు కదా. 21 రోజుల లెక్కను నమ్ముకుని నిరాశపడకండి. లండన్‌లో 96 మంది మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక పని అలవాటుగా మారడానికి కొందరికి 18 రోజులే సరిపోతే, కొందరికి 254 రోజుల దాకా పట్టేలా ఉందని తేలింది. మధ్యస్థంగా 66 రోజులు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం లేదని కూడా అందులోనే ఉంది. థైరాయిడ్ మాత్రకు మాత్రం ఆ మినహాయింపు వాడుకోకండి.

అందుకే మొదటి అలవాటు ఆ మాత్రే కానివ్వండి. ఏడు గళ్ల మాత్రల డబ్బా మెడికల్ షాపుల్లోనే దొరుకుతుంది. ఆదివారం రాత్రి వారానికి సరిపడా నింపి, బ్రష్ పెట్టుకునే చోట తడి తగలకుండా ఉంచండి. వంటింట్లో వద్దు, అక్కడ ముందు కాఫీ గిన్నె కనిపిస్తుంది. డబ్బాలో పెట్టినా కత్తిరించని స్ట్రిప్పు పారేయకండి, పేరూ గడువు తేదీ దాని మీదే ఉంటాయి. డబ్బాలో ఆ రోజు గడి ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు, నిండుగా ఉంటే మర్చిపోయినట్టు. గుర్తుంచుకోవాల్సిన అవసరమే లేదు. ఇది కుదిరాక రెండోది. తాళాలకు తలుపు పక్కన ఒక కొక్కెం కొట్టించండి. చెప్పులు విప్పకముందే తాళం అక్కడికి వెళ్లాలి.

పొయ్యి దగ్గర అలవాటును నమ్ముకోవద్దు. పాలు పెట్టగానే ఫోన్‌లో టైమర్ పెట్టండి, కుదరకపోతే కాగేదాకా అక్కడే నిలబడండి. ఆఫీసులో లేచే ముందు, మర్నాడు మొదట తీయాల్సిన ఫైలు పేరు ఒక్కటి చీటీ మీద రాసి టేబుల్ మీద పెడితే చాలు. డైరీ మీ ఇష్టం. ఐదింటికి లేవడం మాత్రం ఇప్పుడే వద్దు. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి, మీకు ఉన్నదే చాలడం లేదు. లేచే టైము రోజూ ఒకటే ఉండేలా చూసుకోండి, సెలవు రోజుల్లో కూడా. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ మానండి.

మనసు దిగులుగా ఉండటం, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటి ఉంటే అది కూడా డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. తెలిసిన దారి తప్పడం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం ఉంటే న్యూరాలజిస్టును కలవాలి. హఠాత్తుగా మాట తడబడినా, ఒక చెయ్యి గానీ కాలు గానీ పట్టు తప్పినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

మిమ్మల్ని చూడకుండా, మీరు రాసినదాన్ని బట్టి చెప్పినవి ఇవి. మందుల మార్పు ఏదైనా మీ డాక్టరే నిర్ణయించాలి. ఈ వారమే వెళ్లండి. వెళ్లేటప్పుడు ఇంట్లో మీరు వేసుకునే స్ట్రిప్పులన్నీ ఓ సంచిలో వేసి తీసుకెళ్లండి, మీ ఆడపడుచు చెప్పిన మాత్రతో సహా.