పెద్ద జాతి రెస్క్యూ కుక్క దత్తత: మొదటిసారి కాదనిపించుకున్నవాడి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఒంగోలు లాయరుపేటలో అద్దె ఇంటి పై అంతస్తులో మీరిద్దరూ, ఎనిమిదేళ్ల బాబూ ఉంటున్నారు. చెన్నైలో వదిలేసిన కుక్కలను చేరదీసి ఇళ్లు వెతికే ఒక రెస్క్యూ సంస్థ దగ్గరున్న నాలుగేళ్ల మగ రాట్‌వీలర్‌ను తెచ్చుకోవాలనుకుంటున్నారు. వాళ్లు నాలుగు పేజీల దరఖాస్తు పంపి, ఇల్లు చూడడానికి మనిషి వస్తారన్నారు. డబ్బు పెట్టి కొనుక్కుంటే ఎవరూ అడగని ప్రశ్నలు దిక్కులేని కుక్కకు ఇల్లు ఇస్తామంటే ఎందుకు అడుగుతున్నారని, ఏం చెబితే ఒప్పుకుంటారని అడిగారు.

నాది నెల్లూరు, పొదలకూరు రోడ్డు వైపు సొంత ఇల్లు. ఇప్పుడు మా ఇంట్లో గౌరి అనే ఆడ గ్రేట్ డేన్ ఉంది. కుక్కపిల్లలను పెట్టించి అమ్ముకోవడానికి వాడుకుని వదిలేసిన కుక్క, మా దగ్గరికి వచ్చి మూడో ఏడు నడుస్తున్నది. అంతకుముందు మరో కుక్క కోసం ఒక సంస్థకు దరఖాస్తు పెట్టుకుని కాదనిపించుకున్నాను. 'ఏం చెబితే ఒప్పుకుంటారు' అన్న ఆలోచనతోనే ఆ మొదటి దరఖాస్తు నింపాను కాబట్టి, దాని ఫలితం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

'కుక్క ఎందుకు కావాలి' అన్న చోట, దొంగల భయం ఉందనీ, పగటిపూట అమ్మ ఒంటరిగా ఉంటుందనీ రాశాను. 'ఎక్కడ ఉంచుతారు' అంటే కాంపౌండులో స్వేచ్ఛగా తిరుగుతుందని రాశాను. 'ఎవరు చూసుకుంటారు' అంటే ఇంటిల్లిపాదీ అని, 'ఊరికి వెళితే' అంటే పక్కింటివాళ్లు అని రాశాను. పక్కింటివాళ్లను నేను అడగనే లేదు. రెండు వారాల తర్వాత రెండు వాక్యాల సందేశంలో కుదరదన్నారు. నెలరోజులు కనిపించినవాళ్లందరికీ వాళ్ల గురించి చెడ్డగా చెప్పి, చివరికి ఫోన్ చేసి కారణం అడిగాను. అవతలి అమ్మాయి ఓపికగా నా జవాబులు నాకే చదివి వినిపించింది. ఇంటిల్లిపాదీ చూసుకుంటామంటే ఎవరూ చూసుకోరని వాళ్లకు అనుభవమట. కాపలాకు కావాలంటే ఎండలోనూ వానలోనూ బయటే కట్టేస్తారని అర్థమట. వాళ్లు వెతికేది కుక్కను ప్రేమించేవాళ్లను కాదు, అలాంటివాళ్లు రోజుకు పదిమంది ఫోన్ చేస్తారు. ఆ కుక్క మళ్లీ తమ గేటు ముందుకు తిరిగి రాకుండా చూడగలవాళ్లను. నలభై ఐదు రోజుల పిల్లగా ఒళ్లో పట్టినది ఏడాదికల్లా నలభై కిలోలై ఇంట్లో పట్టక హైవే పక్కన దిగిపోతుంది. చిన్న కుక్క తిరిగి వస్తే ఏ మూలనో చోటు దొరుకుతుంది గానీ, పెద్ద కుక్క తిరిగి వస్తే దానికి వేరే గది, వేరే మనిషి కావాలి.

ఆ దరఖాస్తులో నన్ను నిజంగా పట్టించిన ప్రశ్న ఒకటుంది; మీ దానిలోనూ ఏదో రూపంలో ఉంటుంది. రాత్రి రెండు గంటలకు కుక్క కడుపు ఉబ్బి, వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాక అవస్థ పడుతుంటే ఏం చేస్తారని అడిగారు. డాక్టరుకు ఫోన్ చేస్తానని రాశాను. లోతైన ఛాతీ ఉన్న పెద్ద జాతులకు, అంటే గ్రేట్ డేన్‌కూ జర్మన్ షెపర్డ్‌కూ మీ రాట్‌వీలర్‌కూ కూడా, కడుపు గాలితో నిండి తనచుట్టూ తాను మెలితిరిగే ప్రమాదం ఉంది. అప్పుడు రక్తప్రసారం ఆగిపోతుంది. గంటల వ్యవధిలో శస్త్రచికిత్స జరగకపోతే కుక్క దక్కదు, జీలకర్ర నీళ్లూ సోడా తాగించడం వంటివి పనికిరావు. రెండోసారి దరఖాస్తు రాసేముందు మా పశువుల ఆసుపత్రి డాక్టరుగారి దగ్గరికి వెళ్లి, రాత్రివేళ ఎవరు అందుబాటులో ఉంటారు, గాలి తీసి కొంత సమయం సంపాదించడం ఇక్కడ వీలవుతుందా, ఆపరేషన్ ఎక్కడ చేస్తారు అని విడివిడిగా అడిగాను. సూదితో గాలి తీసే ప్రయత్నం ఇక్కడ చేయవచ్చనీ, ఆపరేషన్‌కు మాత్రం తిరుపతి పశువైద్య కళాశాలకో చెన్నైకో ముందుగా ఫోన్ చేసి బయల్దేరాలనీ ఆయన చెప్పారు. తిరుపతి మాకు సుమారు 135 కిలోమీటర్లు, చెన్నై 175. మీకు ఉత్తరాన గన్నవరం కళాశాల, దక్షిణాన తిరుపతి, రెండూ దూరమే. కాబట్టి ఏ వేళకు ఎటు వెళ్తారో ఇప్పుడే విచారించి రాసిపెట్టుకోండి.

అంతటితో ఆగలేదు. పడిపోయిన కుక్కను కారు దాకా మోయడం ఎలాగో తెలుసుకుందామని, పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు దుప్పటిలో వేసి నేనూ మా తమ్ముడూ చెరో వైపు పట్టుకున్నాం. మాది కింది ఇల్లే అయినా గేటు దగ్గరికి వచ్చేసరికి నా వైపు అంచు వేళ్లలోంచి జారి, బస్తా దబ్బున నేలమీద పడి కుట్టు విడిపోయింది. ఆ తర్వాత దుప్పటి బదులు నాలుగు చివరలకూ పిడులు కుట్టించిన టార్పాలిన్ ముక్క చేయించాను. ఇదంతా దరఖాస్తులో రాశాను, బియ్యం ఒలికిపోయిన సంగతితో సహా. మీది పై అంతస్తు కాబట్టి మెట్ల మలుపులో ఒకసారి మోసి చూడండి. ఆ అవసరం రాకుండా ఉండడానికి పాటించవలసినవి మామూలువే: ఒకే పూట ముద్దగా కాక రెండు పూటలా పెట్టడం, తిన్న తర్వాత గంటసేపైనా పరుగులు పెట్టించకపోవడం.

ఇల్లు చూడడానికి వచ్చినావిడ గురించి చెప్పాలి. ప్రహరీని నేను ప్రత్యేకంగా రెండు వరుసలు ఎత్తు కట్టించి ఉంచితే, ఆమె దాని వైపు తలెత్తి కూడా చూడలేదు. గేటు ముందు గొంతుక్కూర్చుని, కింది సందులో తన పిడికిలి దూర్చింది. పిడికిలి దూరింది. ఇంత పెద్ద కుక్క తల ఇందులోంచి ఎలా పడుతుందని నేను అంటే, దీని తల కాదండీ, వీధి కుక్క మూతి లోపలికి వస్తుంది, ఇది దాన్ని పట్టుకుంటుంది, మీరు విడదీయడానికి మధ్యలో చెయ్యి పెడతారు అన్నది. తర్వాత గొళ్లేన్ని అరచేతి కింది భాగంతో పైకి నెట్టింది. అది మూతితో ఎత్తితే ఊడివచ్చే రకమని నాకు అప్పుడే తెలిసింది. గేటు కింద ఇనుప పట్టీ వెల్డింగ్ చేయించి, గొళ్లేనికి కొక్కెం వేయించాను. మీ ఇంట్లో అయితే వచ్చినవాళ్లు చూసేది డాబా పిట్టగోడ ఎత్తు, మెట్ల పైన అడ్డంగా వేసే చిన్న గేటు, నున్నటి టైల్స్ అయి ఉంటాయి. బరువైన కుక్కకు నున్నటి నేల మీద వెనక కాళ్లు జారితే తుంటి కీళ్లు దెబ్బతింటాయి. రాట్‌వీలర్లకు అసలే ఆ కీళ్ల జబ్బు వచ్చే లక్షణం ఉంది. కొబ్బరి పీచు పట్టాలు నడిచే దారి పొడవునా పరిస్తే చాలు.

ఆ తర్వాత ఆవిడ నన్ను వదిలేసి నేరుగా వంటింట్లోకి వెళ్లి మా అమ్మతో మాట్లాడింది. అమ్మ ఏ అరమరికా లేకుండా, "అంతదాన్ని నేను యాడ పట్టుకోగలనమ్మా, లాక్కోనిపోతే పడి చస్తాను, దేవుడి గదిలోకి మటుకు రానిచ్చేది లే" అన్నది. అయిపోయింది, ఈసారి కూడా పోయింది అనుకున్నాను. ఆవిడ మాత్రం ఆ మాటను కాగితం మీద రాసుకుని, పెద్దావిడ కుక్కను బయటికి తీసుకెళ్లకూడదు, దేవుడి గదికి తలుపు ఉండాలి అని రెండు షరతులుగా మార్చింది. ఇంట్లో అందరికీ ఇష్టమేనని ఒకే గొంతుతో చెప్పే ఇళ్లంటేనే తనకు అనుమానమని వెళ్లేముందు చెప్పింది. కాబట్టి మీ ఇంట్లో ఎవరికి ఏ భయం ఉందో దాచకండి. బాబు విషయంలోనూ అంతే. కుక్క తినేటప్పుడూ నిద్రపోయేటప్పుడూ వాడు దగ్గరికి వెళ్లడనీ, పెద్దవాళ్లు లేకుండా ఇద్దరినీ ఒకే గదిలో వదలరనీ, బయటికి తీసుకెళ్లేటప్పుడు పట్టీ పెద్దవాళ్ల చేతిలోనే ఉంటుందనీ రాయండి. ఆ కుక్క పిల్లలతో ఇంతకుముందు మెలిగిందో లేదో మీరు కూడా వాళ్లను గట్టిగా అడగండి.

ఇంటి యజమాని అనుమతి నోటిమాటగా ఉంటే సరిపోదు, సంతకంతో కాగితం కావాలి. కుక్క అని కాక రాట్‌వీలర్ అని, బరువు యాభై కిలోలు ఉండవచ్చని అందులో ఉండాలి. ఆయన పత్రికల్లో వచ్చిన నిషేధం సంగతి ఎత్తుతారు, సిద్ధంగా ఉండండి. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ రాట్‌వీలర్‌తో సహా 23 జాతులను పెంపకానికీ అమ్మకానికీ అనుమతించవద్దని రాష్ట్రాలకు లేఖ రాసింది. మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు దానిని కొట్టివేసింది. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించకూడదన్నది నిజమే గానీ, ఇష్టంలేని యజమానితో ఆ కాగితం చూపి వాదించి తెచ్చుకున్న కుక్క ఆరునెలల్లో మీతోపాటు ఇల్లు వెతుక్కుంటుంది. చిక్కం వేసే బయటికి తీసుకెళ్తామని మీ అంతట మీరే ఆయనకు చెప్పండి. ఎద్దు మూతికి కట్టేలాంటిది కాదు, నోరు తెరిచి రొప్పడానికీ నీళ్లు తాగడానికీ వీలున్న బుట్ట లాంటిది దొరుకుతుంది.

మన వైపు ఎండ గురించి చెన్నై వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు, అయినా అడుగుతారు. కుక్క ఒంటి వేడిని ప్రధానంగా రొప్పడం ద్వారానే తగ్గించుకుంటుంది. తీరప్రాంతపు ఉక్కపోతలో ఆ రొప్పు సరిగా పనిచేయదు, పైగా మీది నల్ల కుక్క. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో గౌరి తెల్లవారుజామున ఐదింటికీ రాత్రి ఎనిమిది దాటాకా తప్ప గడప దాటదు. సిమెంటు రోడ్డు మీద చేతి వెనకవైపు ఆనించి ఏడు లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే దాన్ని నడిపించను. పై అంతస్తులో శ్లాబు వేడి ఎక్కువ కాబట్టి మధ్యాహ్నం అది ఏ గదిలో ఉంటుందో, కరెంటు పోతే ఫ్యాను ఎలా తిరుగుతుందో రాయండి. వానాకాలం గురించి నన్ను ప్రత్యేకంగా అడిగారు, 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు మునిగిన సంగతి వాళ్లకు గుర్తుంది. నిలిచిన నీళ్లలో ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు టీకా ఉంది, అది ఏటా వేయించాలి. రేబిస్ టీకా సంగతి సరేసరి.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. గౌరికి తిండీ మందులూ కలిపి నెలకు 8,000 రూపాయలకు తగ్గదు, పిడుదుల జ్వరం వచ్చిన నెలలో అది రెట్టింపు దాటింది. జీతం ఎంతో కాక, అనుకోని ఖర్చుకు విడిగా ఎంత దాచారో చెప్పండి. ఇదివరకు కుక్కను పెంచలేదు కాబట్టి మీకు సాక్ష్యం చెప్పే పశువైద్యుడు ఉండరు. ముందే వెళ్లి పరిచయం చేసుకుంటే ఆయన నంబరు ఇవ్వవచ్చు. ఇక ఒప్పందంలో పిల్లలు పెట్టించకూడదనీ, ఉంచుకోలేకపోతే ఇంకెవరికీ ఇవ్వకుండా తమకే తిరిగి ఇవ్వాలనీ ఉంటుంది. ఆ రెండో షరతు చదివి నాకు మొదట అవమానంగా అనిపించింది. గౌరిని చూశాక అనిపించలేదు: రెండు మోచేతుల దగ్గరా గచ్చు మీద పడుకుని పడుకుని కాయలు కాసి, వెంట్రుక ఊడిన నల్లటి చర్మం ఏనుగు మోకాలిలా ముడతలు పడి ఉంది. అది చేతులు మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు మంచి ఇల్లేనని చెప్పే ఉంటారు.

మీరు ఎంత సిద్ధపడినా, ఈ కుక్క మాత్రం మీకు కుదరదని వాళ్లు చెప్పవచ్చు, పై అంతస్తు వల్లో బాబు వల్లో. అప్పుడు నాలాగా నెలరోజులు తిట్టుకుంటూ కూర్చోక, మీ ఇంటికి సరిపోయేది ఏదైనా ఉందా అని ఆ ఫోన్‌లోనే అడగండి. నేను మొదట కోరుకున్నది రెండేళ్ల జర్మన్ షెపర్డ్‌ను. రెండో దరఖాస్తు మీద వచ్చి ఇల్లు చూసిన తర్వాత, మీ అమ్మగారికి నెమ్మదిగా ఉండేది కావాలి అని వాళ్లే గౌరి ఫొటో పంపారు. అప్పటికి దానికి ఐదేళ్లు, ఆ జాతి ఆయుష్షు ఎనిమిది పదేళ్లు. ఆ లెక్క కూడా వాళ్లే ముందు చెప్పారు.

ఒప్పుకుంటే తీసుకురావడానికి రైలు ఆలోచన పెట్టుకోకండి. ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం దొరికితే తప్ప సామాన్లు వేసే బ్రేక్ వ్యానులోని పెట్టెలో పెట్టాలి, అంత కుక్కకు అది నరకం. కారు మాట్లాడుకుని, డ్రైవరుకు కుక్క సంగతి ముందే చెప్పి, వాళ్ల దగ్గర అది పడుకున్న పాత గుడ్డ ఒకటి ఉతకకుండా అడిగి తెచ్చుకోండి. బయల్దేరే ముందు తిండి పెట్టవద్దని చెప్పండి. గౌరిని తెచ్చేటప్పుడు మేము సూళ్లూరుపేట దాటాక ఒకసారి ఆపితే సరిపోయింది, మీకు నెల్లూరు తర్వాత ఇంకా 120 కిలోమీటర్లు ఉంటుంది కాబట్టి కావలి దగ్గర మరోసారి ఆపవలసి వస్తుంది. ఆపిన ప్రతిసారీ, పట్టీ మీ చేతిలో ఉన్నదని చూసుకున్న తర్వాతే డ్రైవరును తలుపు తీయమనండి.